అండర్ బ్రిడ్జి అవతల

"శివనగర్ లోపలికి రాను మేడం,
రాత్రిపూట ఆ సైడు మంచిగుండదు."
ఆటో ఇవతలే ఆగింది.
నెత్తి మీదికెళ్లి గూడ్సు పోతనే ఉంది.

నయీంనగర్‌ల నా గొలుసు తెంపిననాడు
నాలుగు కెమెరాలు చూసినయి.
పోలీసాయన టీవీల చూపిచ్చిండు:
ఒక హెల్మెట్, సగం నంబరు,
నోరు తెరిచిన నా మొఖం.

మా గల్లీల కెమెరా లేదు.
గడప మీద బీడీలు చుట్టుకుంట ఖాజాబీ ఉంటది.
నా చెప్పుల చప్పుడుకు
తలెత్తకుండనే అడుగుతది:
"ఇయ్యాల ఆలిశెమైందేంది బిడ్డా?"

అయినా తాళంచెవి వేళ్ల సందుల పెట్టుకునే నడుస్త.
ఆ ముచ్చట ఆమెకు చెప్పలే.

మూడొద్దులాయె,
బిడ్డ కాన్పుకని జమ్మికుంట పోయింది.
స్తంభం లైటు ఎప్పటిలెక్కనే ఎలుగుతంది.
తునికాకు ముక్కలు గాలికి దొర్లుతున్నయి.

మా గల్లీ ఎంత పొడుగో
ఇయ్యాల్నే ఎరుకైంది.