సబ్బు గూడ పడ్డది

మణెమ్మకు గాంధీ దవాఖానల నైట్ డ్యూటీ.
ఎనిమిదిన్నర సీరియల్ మొదలయ్యే యాళ్లకు
ఆమె వార్డుల సెలైన్ సీసాలు లెక్కవెడ్తుంటది.
నేను వారాసిగూడల, మిషన్ ముంగట,
ఎవరిదో పెండ్లి జాకెట్‌కు చేతులు అతుకుతుంట.

రికార్డరు పార్క్‌లేన్‌ల కొన్నం, కిస్తుల మీద.
డిస్కులు కోఠి గుజరాతీ గల్లి నుంచి,
ఒక్క కడ్డీకి యాభై, సకినాల లెక్క.
"నాకు కథ ఒక్కటే గావాలె,
అడ్వటైజులు తీసెయ్యి" అన్నది.
తీసుడు నాకు కొత్తనా?
ముప్పై ఏండ్లసంది ఎక్కువైన బట్ట కత్తిరిస్తనే ఉన్న.

ఎడమచేతిల రిమోట్, కుడిచేతి కింద బట్ట.
కోడలి కండ్లల్ల నీళ్లు తిరిగి
మ్యూజిక్ మూడుసార్లు కొట్టంగనే
పాజ్.
బంగారం దుకాణాలు పొయ్యేదాక ఆగి
మళ్ల వత్తాలె.
చెప్పినంత అల్కగ లేకుండె.
సూదిల దారం ఊడితే ఒక టూత్‌పేస్ట్ ముక్క పడ్డది.
కింది పోర్షన్ ఖైసర్ ఆపా
పాల తోడుకు పెరుగు అడగొచ్చిన రాత్రి
సబ్బు, సిమెంటు, సీలింగ్ ఫ్యాను, మొత్తం.

పొద్దుగాల డ్యూటీ దిగొచ్చి
కాళ్లు బకెట్ నీళ్లల్ల వెట్టుకొని చూసేది.
నేను అటు మల్లి చాయ్ వడగడ్తుంట.
సీరియల్ నేను చూడ. అందరికీ అదే చెప్పిన.
"రాత్రి ఎవరొచ్చిండ్రు?"
"ఎట్ల తెలిసింది?"
"సబ్బు గూడ పడ్డది గద."

గట్ల మొదలైంది.
పేషెంటు చార్టు చదివినట్టు చదివేది నా లేటు.
రెండు సెకండ్లంటే దారం.
పదంటే దగ్గొచ్చి నీళ్లకు లేచిన.
అడ్వటైజు నిండుగ ఉంటే, ఇంటికొచ్చిన మనిషి.
మిషన్ కటకట పడది డిస్కుల,
రేకుల మీది వాన పడది,
వైరుల వచ్చిందే పడ్తది.
ఒకసారి కథే అర నిమిషం కోసుకపోయింది.
అత్త చెంపదెబ్బ కొట్టింది, ఎవరినో తెల్వదు.
"ఏం మనసుల వెట్టుకున్నవ్?" అన్నది.
పెండ్లి జాకెట్ చంకకాడ బిగుసుకుందని,
పైసలు వాపస్ అడుగుతున్నరని
అప్పటికింకా ఆమెకు చెప్పలె.

ఆ గురువారం నాకు యాదికి లేదు.
మణెమ్మ చెప్తనే ఎర్క.
తలుపు తీసేసరికి టీవీ మీద
డిస్కు నిండిందని అక్షరాలు మిణుకుతున్నయట.
నుదురు ముట్టకముందే తెలిసిందట.
సీరియల్, దానెనక ఇంకో సీరియల్, వార్తలు,
రాళ్ల ఉంగరాలు అమ్మేటాయన,
సబ్బులు, మళ్ల అవే సబ్బులు,
తెల్లారుజాము దాక
ఒక్క కోత లేకుంట.

కవరు మీద మార్కర్‌తోటి రాసింది, మందుచీటీ రాతల:
"గురువారం. 102.4. ముట్టొద్దు."

ఇప్పుడు సీరియల్ ఫోన్లనే ఉంటది, ఎప్పుడంటే అప్పుడు.
అడ్వటైజు ఆమెనే దాటేస్తది, వేలితోటి,
నాకన్న షురుకుగ.
రికార్డరు కన్ను పోయింది.
జగదీశ్ మార్కెట్ పిలగాడు మూత తీసి ఊది
"ఈ లెన్సు ఇగ దొరకది చాచా" అన్నడు.
ఆఖర్న ఫైనలైజ్ చేస్తెనే డిస్కు వేరే మిషన్ల తిరుగుతదట.
చెయ్యాల్సినోనికి ఆ రాత్రి సోయి లేకుండె.

మొన్న బీరువా సర్దుతుంటె దొరికింది.
మణెమ్మ కొంగుతోటి తుడిచి
ట్యూబ్‌లైటుకు ఎత్తి పట్టింది, ఎక్స్‌రే పట్టినట్టు.
అంచు దాక ఊదారంగు.
"నిండ ఉన్నది" అన్నది.
డ్యూటీ చీరల కింద వెట్టింది.