రెండు దాటితే

మంగళవారం రక్తం.
గురువారం మందు.
మధ్యలో బుధవారం ఒకటుంటుంది,
అది ఫోను పక్కనే కూర్చుని ఉంటుంది.

మా హియుమా దీవిలో, మా వైపున, ఉన్నది ఆవుల డాక్టరు ఒక్కడే, ఊర్మస్.
మోచేతి దాకా పెట్టి దూడల్ని లాగిన చేతులు.
రుక్కి మెడ కింద బొచ్చు పాయ తీసి
బొటనవేలితో నరాన్ని వెతికేటప్పుడు మాత్రం
మసక వెలుతురులో సూదికి దారం ఎక్కిస్తున్నట్టు ఊపిరి బిగబడతాడు.
"కాళ్ళ నరాలు ముట్టుకోవద్దన్నారు తార్తు వాళ్ళు,
అవి మందుకి దాచుకోవాలి" అంటాడు ప్రతిసారీ.
ప్రతిసారీ కొత్తగా విన్నట్టు తలూపుతాను.
రుక్కి గడ్డం నా అరచేతిలో, బరువుగా, వెచ్చగా.
మాడీ మాడని రై రొట్టె రంగు కుక్క. పేరూ దాన్నుంచే.
ఊదారంగు మూత ఉన్న చిన్న గొట్టం నిండుతుంది.
దాని మీద రుక్కి పేరు రాసి, పక్కన నా ఇంటిపేరు రాస్తాడు ఊర్మస్.
పదకొండేళ్ళలో మేమిద్దరం ఒకే గీత మీద కలిసింది అక్కడే.

గొట్టం మధ్యాహ్నం పడవలో నాకంటే ముందు సముద్రం దాటిపోతుంది.
నేను ఇంటికొచ్చి గళ్ళ నోటుబుక్కు తీస్తాను:
ఒంటి వేడి 38.6.
మాత్ర ఒకటిన్నర, లివర్ పేస్టులో.
నీళ్ళు నాలుగు గిన్నెలు. రాత్రి రెండుసార్లు లేపింది.
వంటింట్లో తడి. గ్లవుసులు వేసుకుని తుడిచాను.
కోప్పడలేదు. ఇది వాళ్ళకి అక్కర్లేదు, అయినా రాశాను.
మొదట్లో వాంతి అని రాయడానికి చెయ్యాడేది కాదు.
ఇప్పుడు 'వాం' అని రాసి కింద గీత కొడతాను.
అలవాటైతే భయానికి కూడా పొట్టిరాత వచ్చేస్తుంది.

తెల్లకణాల్లో ఒక రకం ఉందట,
వాటి లెక్క రెండు దాటాలి.
రెండు దాటితే పడవ, ఆపైన మూడున్నర గంటల రోడ్డు, తార్తు.
తగ్గితే ఇల్లు.
చేపల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు టన్నుల లెక్క రాశాను నేను.
ఇప్పుడు దశాంశం పక్కనున్న అంకెకి దండం పెట్టుకుంటున్నాను.

బుధవారం నాలుగున్నరకి ఫోను.
కిర్స్టి అనే అమ్మాయి. గొంతులో ఇంకా కాలేజీ తడి ఆరలేదు.
"ఒకటి పాయింట్ మూడు, హెల్వే గారూ.
మందు గడ్డ మీదే కాదు, దాని మీద కూడా పనిచేసింది.
వారం ఆగుదాం."
ఎవరు ఆగాలి?
దవడ కింద రేగిపండంత తగులుతున్నది, అది ఆగుతుందా?
అడగలేదు. సరే అన్నాను.
ఫోను పెట్టేశాక అడిగాను, ఫ్రిజ్‌ని.

గురువారం ఆరింటికి అలారం మోగింది, తీసెయ్యడం మరిచాను.
రుక్కి అప్పటికే తలుపు దగ్గర.
దానికి గురువారమంటే పడవ,
పడవంటే కాంటీనులో ఇల్మె దొంగతనంగా విసిరే సాసేజి ముక్క.
సూది గుర్తుండదో,
గుర్తున్నా దాన్ని సాసేజి కింద జమ కట్టుకుంటుందో.
నేనేమో టికెట్ కొనేసి ఉన్నాను.
"నీ రక్తం సెలవడిగింది, రావే తల్లీ" అన్నాను
కోటు గుండీలు ఒకటి తప్పించి పెట్టుకుంటూ.

వేరే కుక్కల దగ్గరికి వెళ్ళకూడదు కదా, పైడెక్కు మీదే నిలబడ్డాం.
మంచు పలకలు పడవ కింద పళ్ళు నూరుతున్నాయి.
ముందుకాలి మీద గొరిగిన చోట
బొచ్చు మళ్ళీ వస్తోంది, ఈసారి తెల్లగా.
గాలికి ఎదురు ముక్కు పెట్టి
అది సముద్రాన్నంతా చదివేస్తోంది.
నేను దాని వీపు చదువుతున్నాను.

అవతలి ఒడ్డున దిగాం.
ఒక దీపస్తంభం, ఒక చెత్తబుట్ట, ఎవరో వదిలేసిన ఒంటి చేతితొడుగు,
అన్నీ వాసన చూసి
అదే పడవ ఎక్కేశాం.
తాడు చుడుతున్న కుర్రాడు "ఏం మరిచారు?" అన్నాడు.
నాకు ఏం చెప్పాలో తెలియలేదు.

రాత్రి నోటుబుక్కులో:
మందు లేదు.
సాసేజి రెండు ముక్కలు. వాం లేదు.
సముద్రం రెండుసార్లు దాటాం.
మంగళవారం తొమ్మిదింటికి ఊర్మస్.
తువ్వాలు తీసుకెళ్ళాలి.