కన్నది, ఉన్నది

భోలక్‌పూర్ డిస్పెన్సరీలో చేరిన రోజు
నా చేతికిచ్చిన రిజిస్టర్లో రెండు గడులు పక్కపక్కన.
కన్నది ఎందరిని. ఉన్నది ఎందరు.
మధ్యలో సన్నటి ఎర్ర గీత.
దాని మీద ఏమీ రాయొద్దని రూతమ్మ సిస్టర్ చెప్పింది.

మహబూబ్‌బీ: కన్నది పదకొండు, ఉన్నది ఐదు.
తోళ్ళ గోదాం వెనక నర్సవ్వ: తొమ్మిది, నాలుగు.
పేర్లు చెప్పమంటే
ఉన్నవాళ్ళవి గబగబా చెప్పి
పోయినవాళ్ళ దగ్గరికొచ్చేసరికి వేళ్ళు మడిచేది.
పేరు పెట్టేదాకా ఆగనివాళ్ళకు
వేలే పేరు.

నా సంచిలో ఎర్ర త్రికోణాలు,
అమ్మా నాన్నా ఇద్దరు పిల్లలూ
ఒకే దిక్కు చూసి నవ్వే బొమ్మ.
మార్చి వచ్చిందంటే టార్గెట్.
ఇంకా ఏడు కేసులు తక్కువని డాక్టరు గారి కేకలు.
ఒప్పుకున్నామెకు కొంత డబ్బు, ఒక స్టీలు బకెట్.

నన్ను చూస్తే తలుపేసుకునే నర్సవ్వ
ఒకసారి వేసుకోకుండా అడిగింది:
"ఉన్న నలుగురిల ఇద్దరు పోతే
బకెట్ల ఏస్కొని తెచ్చిస్తవా?"

ఆ గడికి జవాబు రిజిస్టర్లో లేదు.

కొన్నేళ్ళకు నా భుజానికి నీలం ఐస్ పెట్టె వేలాడింది.
బుధవారం బుధవారం
మంచు కరిగేలోపు గల్లీలన్నీ అయిపోవాలి.
నేను కనబడితే పిల్లలు మంచాల కిందికి.
"సూదవ్వ వచ్చె" అని కుక్కలకు కూడా తెలిసేది.

ఎప్పుడు మారిందో చెప్పలేను.
ఒక మధ్యాహ్నం రాస్తూ రాస్తూ పెన్ను ఆగింది.
కన్నది మూడు, ఉన్నది మూడు.
పక్కిల్లు: రెండు, రెండు.
గీతకు అటూ ఇటూ ఒకే అంకె
అద్దంలో మొహం చూసుకుంటున్నట్టు.

నర్సవ్వ కోడలు రెండో కాన్పు కాగానే తనే అడిగింది:
"ఆపరేషన్ ఎన్నడు సిస్టర్? పనికి పోవాలె."
బకెట్ ఊసే ఎత్తలేదు.

గోడల మీది మన నినాదాలే గెలిచాయని
మీటింగులో నాకు శాలువా కప్పారు.
నినాదాలు కాదు సార్, మంచుగడ్డలు
అందామనుకున్నాను.
మే నెల. శాలువా ఉన్నిది. ఊరుకున్నాను.

రిటైరై పన్నెండేళ్ళు.
తోళ్ళ గోదాం ఉన్నచోట ఇప్పుడు
అద్దాల తలుపుల సంతాన సాఫల్య కేంద్రం.
బోర్డు మీద బోసినవ్వుల పాప, రెండంతస్తుల ఎత్తు.
గల్లీలో ఉయ్యాల కట్టిన దూలం ఏదని అడిగితే
నాకే తెలీదు.

టీవీలో ఎవరో మైకు పట్టుకుని
ఇంకొకరిని కనండి, మన లెక్క తగ్గిపోతోంది అంటున్నాడు.
నవ్వొచ్చింది, తర్వాత రాలేదు.
అప్పుడు దేశం నిండిపోతుందని భయపెట్టాం.
ఇప్పుడు ఖాళీ అవుతుందని.
రెండుసార్లూ కొట్టింది ఆడదాని తలుపే.

నిన్న రాత్రి మా మెట్ల మీద
సర్వే పిల్ల ట్యాబ్ పట్టుకుని వెన్నెలను ఆపింది.
ఆ రెండో కాన్పు పిల్లే వెన్నెల. ముప్పై మూడు నిండాయి.
రాయదుర్గం నుంచి ఆఖరి మెట్రోకు వస్తుంది.
"పిల్లలెందరు మేడం?"
"లేరు."
"ప్లాన్ ఏమైనా..."
వెన్నెల చెప్పు విప్పుతూ వేళ్ళు మడిచింది,
అచ్చం వాళ్ళ నాయనమ్మలాగే.
కిరాయి. ఈఎంఐ.
ఎల్‌కేజీకి లక్షా పది వేలు.
పగలు చూసుకునే మనిషి.
ఐదో వేలు మడవలేదు, తెరవనూ లేదు.

ట్యాబ్‌లో ఎర్ర గీత లేదు.
సున్నా నొక్కితే పచ్చగా వెలిగి
తర్వాతి ఇంటికి పొమ్మంది.

వెన్నెల నాలుగు మెట్లెక్కి ఆగింది.
"సూదవ్వా, ఒకవేళ ఉంటే నువ్ చూస్కుంటవా?"

ముప్పై ఏడేళ్ళు ఇంటింటికీ జవాబులు పంచినదాన్ని.
మోకాళ్ళు చూసుకున్నాను.
గోడ పట్టుకుని లేచి లోపలికి పోయి
ఫ్రిజ్‌లో ఐస్ ఉందో లేదో
ఎందుకో చూశాను.