ముందు ఎవరి దగ్గరికి

కొత్తపేటలో మా హాస్టలు, మూడో అంతస్తు.
కరెంటు ఉంటే ట్యూబులైటు కింద చదువు,
పోతే ఫోను వెలుగులో చదువు.
మిర్చియార్డు మీదుగా గాలి మళ్ళిందంటే
కిటికీ మూసినా దగ్గే.
సలోమి నిద్రలోనే దగ్గుతుంది.
నేను పేజీ మీద వేలు పెట్టుకుని దగ్గుతాను.

ప్రశ్న నూట పన్నెండు.
నలుగురు రోగులు. నువ్వు ఒక్కదానివే.
ముందు ఎవరి దగ్గరికి వెళ్తావు?

నాలుగూ ఒప్పులే, అదే దీని తిరకాసు.
బళ్ళో మూడు తప్పుల్ని కొట్టేస్తే
ఒప్పు దానంతటదే మిగిలేది.
ఇక్కడ ఒప్పుల్ని కొట్టెయ్యాలి.
షుగరాయనకి అన్నం ముందు సూది, ఒప్పే.
కట్టు తడిసినామెను చూడటం, ఒప్పే.
ఏడుస్తున్న తల్లి పక్కన కాసేపు కూర్చోవడం
అన్నిటికన్నా ఒప్పులా కనిపిస్తుంది,
దానికి మార్కు రాదు.

మా ట్యూటరు దీవెనమ్మ గారు
చాక్‌పీసు పొడి చీరకి తుడుచుకుంటూ అనేవారు:
"అరిచేవాడికి ఊపిరి ఉన్నట్టే అమ్మాయ్.
అరవనివాణ్ణి చూడు."
నోట్సులో రాసుకున్నాను.
కింద రెండు గీతలు కూడా గీశాను, ఎర్ర సిరాతో.

ప్రశ్న నూట పదమూడు.
తొడ ఎముక విరిగి, రాడ్డు వేసిన రెండో రోజు.
నలభై తొమ్మిదేళ్ళ మగమనిషి.
దుప్పటి లాగుతున్నాడు.
టైమెంతని మూడుసార్లు అడిగాడు.

ప్రశ్నలో పేరు ఉండదు. నాకు తెలుసు.
ఏసోబు. యార్డులో హమాలీ.
లారీ మీంచి టిక్కీలతో పాటు తనూ పడ్డాడు.
గోళ్ళ సందుల్లో ఎరుపు, ఎంత తుడిచినా పోదు,
నాడి చూసిన చేత్తో కళ్ళు నులుముకుని
ఆ రోజంతా మంటతో తిరిగాను.

ఆ రాత్రి వార్డులో ముప్పై ఎనిమిది మంది, మేమిద్దరం.
"టైమెంతమ్మా?"
రెండూ పది.
"టైమెంతమ్మా?"
ఇప్పుడేగా చెప్పాను. బీడీ కోసమైతే కుదరదు, పడుకో.
"కిటికీ తియ్యమ్మా, ఉక్కగా ఉంది."
తీసే ఉంది.
డిసెంబరు. వార్డంతా చెవులదాకా కప్పుకుని ఉంది.
డిసెంబరన్న సంగతే నాకు తట్టలేదు.

పన్నెండో బెడ్డులో కిడ్నీలో రాయున్న కుర్రాడు
కప్పు ఎగిరిపోయేలా అరుస్తున్నాడు,
వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకు లాగింది.
అటు వెళ్ళాను.
సూది వేశాను, సెలైను మార్చాను,
ఆమెకో స్టూలు వెతికి తెచ్చాను.
నీ కడుపు చల్లగుండ, అంది.

తిరిగొచ్చేసరికి
ఏసోబు టైము అడగడం మానేశాడు.
పెదవులు నేరేడుపండు రంగు.

ఆ తర్వాతంతా పుస్తకంలో ఉన్నట్టే.
తల ఎత్తి పెట్టడం, ఆక్సిజను, డాక్టరుకి కేక,
స్ట్రెచరుకి ఒక చక్రం తిరగదు, దాన్ని ఎత్తి పట్టుకుని పరుగు.
మర్నాడు రాత్రికి ఆ బెడ్డు మీద
కొత్త దుప్పటి, ఎవరిదో కొత్త కాలు.
ఐసీయూ పై అంతస్తే. ఇరవై రెండు మెట్లు.
వెళ్ళి అడగొచ్చు.
జీతం రోజున ఆ మెట్ల మీదుగానే ఆఫీసుకి పోతాను.
ఇంతవరకూ అడగలేదు.

ప్రశ్న నూట పదమూడు.
మూడోది నొక్కాను.
తెర పచ్చబడింది.
కుదురు లేకపోవడం ఊపిరి చాలడం లేదనడానికి తొలి గుర్తు,
అని కింద వివరణ.
పట్టిన సమయం నాలుగు సెకన్లు.

ఆ రాత్రి నలభై నిమిషాలు.

పరీక్ష ఇంకా ఇరవై మూడు రోజులుంది.
వందకి ఎనభై దాకా వస్తున్నాయి,
నీది పాదరసం బుర్రే అంటుంది సలోమి.
అననిచ్చాను.

పక్క మంచం మీద అదే ఇప్పుడు దొర్లి
కళ్ళు తెరవకుండా "టైమెంతే?" అంది.
గోడ మీద గడియారం సెకన్ల ముల్లు పన్నెండు దాటేదాకా ఆగాను.
దాని దుప్పటి లేచి దిగడం
నిండా ఒక నిమిషం లెక్కపెట్టాను.
పదహారు.

"రెండూ పది," అన్నాను.
అప్పటికే మళ్ళీ నిద్రపోయింది.