రాయగడ బండి

రాయగడ బండి నలభై నిమిషాలు లేటు.
గుంటూరు స్టేషన్ బయట ట్రాక్టరు పెట్టుకుని
మూడో టీ తాగుతున్నా.
పన్నెండు మందన్నాడు మేస్త్రీ,
తొమ్మిది మందే దిగారు.
మిగతా ముగ్గుర్నీ బెజవాడలోనే
స్లాబు పనికి ఎవరో దింపుకున్నారట.

నాలుగెకరాల కౌలు చేను.
పండిన కాయ చెట్టు మీదే తాలవుతోంది.
మా పెదనందిపాడు కుర్రాళ్లు
కోల్డ్ స్టోరేజీలో స్వెట్టర్లేసుకుని
వీళ్లు కోసిన కాయకే చీటీలు రాస్తారు.

రెండో రోజు మధ్యాహ్నం
సుమని అనే ఆమె చేతులు చాపి
“పోడుచి” అంది.
ఏదో పొడిచిందేమోనని
కళ్లజోడు పెట్టుకుని మరీ
అరచేతిలో ముల్లు కోసం వెతికా.
ముల్లు లేదు.
మేస్త్రీ నవ్వాడు: “మంటంట బాబూ.”

మా ఆవిడ చల్లముంత తెచ్చి
ఆ వేళ్లు అందులో ముంచింది.
నా వేళ్లకి మంట తెలిసి
ఇరవయ్యేళ్లు దాటింది.

రాత్రి కూలీల పుస్తకం తీశా.
అడ్వాన్సు, బియ్యం, కిలోకింత,
రైలు ఛార్జీ నాదే.
తొమ్మిది పేర్లూ తప్పుగానే రాసుంటాను.
అడుగున మిగిలిన గీత మీద
పోడుచి అంటే మంట
అని రాసుకున్నా.
పొద్దున్నే ఇంకో రెండు లీటర్ల పాలకి
శేషగిరికి చెప్పాలి.