మూలమట్టం

ఇరవై సీట్లకు ఏడు ఫారాలు వచ్చినయ్.
అందుకే కరపత్రాల కట్ట సంచిల పెట్టుకొని
దేవరకొండ అంగడికి పోయిన.
మేకలు అమ్మే కాడ ఒకాయన
కాయితం తిరగేసి మరగేసి చూసి
"ఫిట్టరంటే బోరుమోటరు దించేటోడేనా సారూ?
దానికి రెండేండ్లు దేనికి,
మా బామ్మర్ది రెండు రోజులల్ల నేర్సిండు" అన్నడు.
నాకు జవాబు దొరకలె.
ఆయన అదే కాయితంల పల్లీలు పోసుకొని పోయిండు.

పక్కన ఇంజినీరింగు కాలేజోళ్ల టెంటు.
బస్సు ఫ్రీ, లాప్‌టాప్ ఫ్రీ,
ఫ్లెక్సీల నవ్వే పిల్ల ఈ జిల్లాది కాదు.
నేను చెప్పుకోను ఉన్నదేంది?
ఒక రేకుల షెడ్డు,
పదహారు బెంచి వైసులు, అండ్ల రెండింటికి దవడలు పట్టవు,
కరెంటు దయ ఉన్నప్పుడు తిరిగే లేతు ఒకటి.

మొదటి రోజు ఒక్కొక్కరి చేతిల
అరచేయంత ఇనుప ముక్క పెడుత.
దీన్ని చదును చెయ్యాలె, ఆరు దిక్కుల.
ఆకురాయి పళ్లకు సుద్ద రుద్దు.
ముందుకు పోయేటప్పుడే నీ బరువు వెయ్యి,
వెనక్కి వచ్చేటప్పుడు ఊకె తేలిపో.
తర్వాత మూలమట్టం ఆనిచ్చి
కిటికీ దిక్కు ఎత్తి చూడు.
సందుల వెలుతురు కనబడ్డదా,
ఇంకా పని ఉన్నట్టు.

బడులన్నీ వెలుగు రావాలంటయ్.
మా షెడ్డుల ఒక్కటే
వెలుగు రావొద్దని నేర్పుతం.

చందంపేట దిక్కు తండా నుంచి
రమావత్ దేవ్లీ వచ్చింది.
గుమస్తా అడగకుండనే
ఆమె ఫారంల కుట్టుపని అని రాసిండు.
కొట్టేసి తన చేత్తోని రాసింది:
ఫిటరు.
వత్తు నేను పెట్టిన.

పదకొండు రోజులు రుద్దింది.
ఒక మూలకు దారమంత వెలుతురు.
"సార్, ఇనుము తప్పా, నా చెయ్యి తప్పా?"
చెయ్యే, అన్న.
పన్నెండో రోజు కిటికీకి ఎత్తి చూసుకున్నది.
నాకు చూపెట్టలె.
సంచిల వేసుకొని ఐదున్నర బస్సు ఎక్కింది.
తండల వాళ్ల దాది దానితోని ఎల్లిగడ్డ దంచి
"మంచిగున్నది, ఎంతకు కొన్నవే?" అన్నదట.

ఇప్పుడు మిర్యాలగూడ రైసుమిల్లుల ఉన్నది.
రాత్రి పది దాటినంక ఫోన్ చేస్తది.
హలో అనదు.
"బేరింగు అరుస్తున్నది, వినుండ్రి" అని
ఫోన్‌ను మిషను కాడ పెడుతది.
నేను మంచంల కూసోని వింట.
ఎవరని మా ఇంటామె అడుగుతది.
మిల్లు, అంట.

జానయ్య సంగతి వేరే.
మర్రిగూడ దిక్కు పిలగాడు.
వాళ్ల నాయిన మోకాళ్లు వంగవు,
ఆయన పెరిగినప్పటి నీళ్లు అసొంటియి.
జానయ్య చేతిని చూసి మాత్రం
నేనే లోపల కుళ్లుకున్న.
ఎనిమిది రోజులల్ల నాలుగు ముఖాలు.
దసరా ముందర ఒక సోమవారం రాలె.
మంగళవారం రాలె.
స్కాలర్‌షిప్పు వచ్చింది,
మరుసటేడు ఎండకాలం.
అప్పటికి హైదరాబాదుల బండి మీద
ఎవరెవరియో డబ్బాలు
మూడో అంతస్తుకు మోస్తున్నడు.
రిజిస్టర్ల ఎర్రసిరాతోని గీత కొట్టి
కారణం గడిల 'సొంత పని' అని రాసిన.
సొంతం ఎక్కడిది.

ఈ ఏడు ఇనుము ఇండెంటు ఇంకా రాలె.
పొద్దున కొత్త పిలగాడు ఒకడు
నా సొరుగు తెరిచి
"ఈ ముక్క నాకియ్యుండ్రి సార్,
సగానికంటె ఎక్కువే అయింది" అన్నడు.
తీసుకొని మూలమట్టం ఆనిచ్చిన.
నాలుగు దిక్కుల చీకటి, చక్కటి చీకటి.
ఐదో దిక్కు తిప్పితె
పొద్దు వచ్చి నా కండ్లల్ల పడ్డది.

ఇయ్యలె.
గేటు పనిల మిగిలిన పాత పట్టీ ఉన్నది గద,
రంపం పట్టుకరా పో, అన్న.