రిమార్కులు

పోర్ట్ మోర్స్‌బీలో, ఫ్యాను తిరగని మూడో అంతస్తులో
గెవా ఇంధనం చీటీలు విప్పుతోంది.
కొన్నిటికి కాఫీ గింజల వాసన,
ఒకదాని మీద ఎవరిదో బురద బొటనవేలు.

లెక్క సులువే.
కిలో కిరోసిన్ కాలితే
మూడు కిలోల పైచిలుకు బొగ్గుపులుసు గాలి.
కాలిందానికన్నా పొగే బరువు తూగే ఈ చిత్రం
ఆమెకు పదకొండేళ్ల అలవాటు.

తెర మీద గీత ఎక్కుతూనే వచ్చింది,
రోడ్డు ముఖం చూడని కొండల్లోకి
ఉప్పు బస్తాలూ పలకలూ కోడిపిల్లలూ
నెలలు నిండిన ఆడవాళ్లూ
రెక్కల మీద ఎక్కి దిగినట్టే.

ఒక్క ఏడు మాత్రం చతికిలబడింది.
పైనుంచి వచ్చిన నిపుణుడు
సరిగ్గా అక్కడే వేలు పెట్టి
భేష్, అన్నాడు.

ఆ ఏడు వానకి
ఒలేమి గడ్డి రన్‌వే సగం లోయలోకి జారింది.
రేడియోలో నర్సు కోమ్నె గొంతు:
విమానం ఎప్పుడు?
ఎండ కాశాక.
కాసింది, పదిహేడో రోజున.
అప్పటికి విమానంతో పని లేదు.

తిలాపాపం తలా పిడికెడు.
తలలతో భాగిస్తే ఈ దేశం వంతు
పిడికెడు కూడా కాదు, చిటికెడు.
ఆ సంగతి సముద్రానికి ఎవరు చెప్పాలి?
హనుఅబాదలో, నీళ్లలో కర్రకాళ్ల మీద నిలబడ్డ ఆమె ఇంటికి
పోటులో మునిగే మెట్లు
చిన్నప్పుడు మూడు,
ఇప్పుడు అయిదు.

రిమార్కుల గడిలో
‘ఆదా’ అని ఉంది, ఎవరు కొట్టారో.
చెరిపేసి
‘వాన’ అని కొట్టింది గెవా.
కాసేపు చూసి,
పక్కనే, చిన్న అక్షరాల్లో,
‘ఇద్దరు’.